అనంతపురంలో పీసీకి ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె) కొనేవాళ్లు జాగ్రత్త, లేబుల్ చదవకుండా డబ్బులు ఇవ్వకండి

కొత్తగా పీసీ అసెంబుల్ చేసుకుంటున్న వాళ్లు, ముఖ్యంగా ధర్మవరం, తాడిపత్రి, గుత్తి వైపు నుంచి పార్టుల కోసం అనంతపురం వచ్చేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. షాపు పేరు రాయను. ఊర్లో పార్టులు కొనే అలవాటున్న వాళ్లకు చదువుతుంటేనే అర్థమవుతుంది. కోపం ఇంకా దిగలేదు, కాబట్టి అటూ ఇటూగా రాస్తే ఏమీ అనుకోవద్దు.

నేను పెళ్లి వీడియోల మిక్సింగ్ చేస్తాను. పాత సిస్టం 4కే ఫుటేజీ మోయలేకపోతోందని కొత్తది నేనే కట్టుకున్నా. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, రెండు హార్డ్ డిస్కులు. మదర్‌బోర్డు, కార్డు బెంగళూరు ఎస్పీ రోడ్డులో తెచ్చుకున్నా, మిగతావి ఆన్‌లైన్‌లో. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మాత్రం ఊర్లోనే తీసుకున్నా, ఏదైనా అయితే మార్చుకోవడానికి దగ్గర్లో ఉంటుందని. అడిగింది కోర్సెయిర్ కంపెనీ సీఎక్స్ 650 మోడల్. కౌంటర్లో ఉన్న ఓనరు ఏమన్నాడంటే, "అది స్టాక్ లేదప్పా. దాని కంటే ఇది బాగుంటాది, ఆరు వందల యాభై వాట్లు, మూడేండ్ల వారంటీ. పోతే అదే రోజు మార్చిస్తాం. ఊర్లో ఉండేవాళ్లం, యాడికి పోతాం?" జీఎస్టీ బిల్లు అడిగితే 18 శాతం ఎక్స్‌ట్రా అవుతుందని చెప్పి ఎస్టిమేట్ కాగితం మీద "ఎస్‌ఎంపీఎస్ 650 - 1" అని రాసిచ్చాడు. మోడల్ లేదు, సీరియల్ నంబర్ లేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ముహూర్తాలు మొదలై పని పెరిగాక, రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) పెట్టినప్పుడల్లా సిస్టం దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. షాపుకు వెళ్లి చెప్తే పెట్టె వైపు కూడా చూడకుండా "విండోస్ ప్రాబ్లం, ఫార్మాట్ కొట్టించు" అన్నారు. ఫార్మాట్ కొట్టాను, మార్పు లేదు. ఒక రాత్రి పెద్ద ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి కూర్చుంటే లోపల్నించి ఠప్‌మని శబ్దం, గదంతా కాలిన వాసన, ఇంటి ఎంసీబీ (ట్రిప్ స్విచ్) పడిపోయింది. తెల్లారి వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూస్తే బోర్డు చచ్చిపోయింది. కార్డు బతికింది, ఫ్రెండ్ సిస్టంలో పెట్టి చూశా. హార్డ్ డిస్కులు రెండూ తిరగడం లేదు. ఫుటేజీ రెండు కాపీలూ వాటిలోనే ఉన్నాయి, రెండు డిస్కులకూ కరెంటు అందింది ఆ ఎస్‌ఎంపీఎస్ నుంచే. తలంబ్రాలు, అప్పగింతలు మళ్లీ తీయలేం కదా. పెళ్లికూతురు నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. వస్తువు పోవడం ఒక ఎత్తు, షాపులో జరిగింది ఇంకో ఎత్తు.

ఎస్‌ఎంపీఎస్‌ను కేబినెట్ నుంచి తీసి సంచిలో పెట్టుకుని షాపుకు వెళ్లాను. స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ చెక్కుచెదరకుండా ఉంది, బయల్దేరే ముందు ఇంట్లోనే ఫోటో తీశాను. కౌంటర్ మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు, ఊఁ ఊఁ అంటూ పెట్టెను తన వైపు తిప్పుకున్నాడు. నేను డిస్కుల సంగతి చెప్తూనే ఉన్నా, ఆయన బొటనవేలి గోరు స్టిక్కర్ అంచు కింద పెట్టి మెల్లగా గీరడం మొదలుపెట్టాడు. చూపు నా మొహం మీదే ఉంది. దుమ్ము తుడుస్తున్నాడేమో అనుకున్నా. స్టిక్కర్ సగం లేచి చుట్టుకుపోయింది, కింద స్క్రూ తల కనబడింది. అప్పుడు పెట్టెను నా వైపు తిప్పి, "ఇదో చూడప్పా, సీలు లేచిపోయింది. ఓపెన్ చేసిన పీసుకు వారంటీ రాదు" అన్నాడు.

నాకు మాట రాలేదు. పక్కన ఎవరో మౌస్ కొనడానికి వచ్చినాయన నిలబడి చూస్తున్నాడు. షాపులో పనిచేసే పిల్లోడు చూశాడు, చూసి తల దించుకున్నాడు. "మీరే కదా ఇప్పుడు గీరింది" అన్నాను. దానికి గొంతు పెంచి, "నువ్వు ఇంట్లో కాల్చుకొచ్చి మా మీద యేస్తే ఎట్లప్పా? మీ ఇంట్లో ఎర్తింగు ఉందో లేదో నాకేం తెలుసు? నీ పెళ్లి వీడియోలకు నేనేం జేసేది?" అన్నాడు. ఫోన్లో ఫోటో చూపించాను. చూడను కూడా చూడలేదు. "పో, యాడ చెప్పుకుంటావో చెప్పుకో" అని ఇంకొకరికి కేబుల్ చూపించడానికి లేచిపోయాడు.

డబ్బులు పోతే సంపాదించుకుంటాం. నా కళ్లలోకి చూస్తూ ఆ స్టిక్కర్ గీరిన తీరు మాత్రం మింగుడు పడటం లేదు. ఎంత మందికి చేసి ఉంటే చెయ్యి అంత తేలిగ్గా ఆడుతుంది?

వారంటీ ఎలాగూ ఇవ్వనన్నారని తెలిసిన ఇన్వర్టర్ మెకానిక్ అన్న దగ్గరికి తీసుకెళ్లి విప్పించాను. మీరెవరూ సొంతంగా విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. ఆయన దాన్ని ఖాళీ చేసి చూపించాడు. కరెంటు లోపలికి వచ్చే చోట ఫిల్టర్ కాయిల్స్ కోసం బోర్డు మీద గుర్తులు ముద్రించి ఉన్నాయి, కాయిల్స్ మాత్రం లేవు, వాటి స్థానంలో చిన్న వైరు ముక్కలు టంకం వేసి కలిపేశారు. వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే ఎంఓవీ ఉండాల్సిన చోటు ఖాళీ. కార్డుకు వెళ్లే వైర్లు చూసి "ఇంత సన్నవి కార్డుకు యెట్ల యేసినారు?" అన్నాడాయన. మంచి వాటి వైరు తొడుగు మీద 18 ఏడబ్ల్యూజీ (వైరు మందం చెప్పే నంబర్) అని ఉంటుంది. ఇందులో 22 ఉంది. ఈ నంబర్ పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇక లేబుల్. ఈ పోస్టులో ఏదీ గుర్తులేకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 650 వాట్లు. పక్కన చిన్న అక్షరాల పట్టికలో ప్లస్ 12 వోల్టుల కింద 18 ఆంపియర్లు. 12ని 18తో గుణిస్తే 216 వాట్లు. ఇప్పటి సిస్టంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం కరెంటును ఈ 12 వోల్టుల లైను మీదే లాగుతాయి. నా కార్డు ఒక్కటే 170 వాట్లు. ప్రాసెసర్‌కు 65 వాట్లు అని రాస్తారు గానీ లోడ్‌లో అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. ఈ రెండూ కలిపితేనే 235, డిస్కులు, ఫ్యాన్లు ఇంకా లెక్కలోకి రాలేదు. అంటే రెండర్ పెట్టిన ప్రతిసారీ అది మోయలేని బరువు మోస్తోంది, అందుకే రీస్టార్టులు. రీస్టార్టుల సంగతి చెప్పినప్పుడే షాపువాళ్లు లేబుల్ చూసి ఉంటే బోర్డూ డిస్కులూ దక్కేవి. అసలైన 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల మీద 54 ఆంపియర్ల దాకా ఇస్తుంది, సీఎక్స్ 650 లేబుల్ చూడండి, అలాగే ఉంటుంది. నాకు అమ్మింది దాంట్లో మూడో వంతు.

ఓవర్ లోడ్ అయితే మంచిది తనంతట తాను ఆగిపోతుంది. ఓపీపీ, ఓవీపీ, ఎస్‌సీపీ అని రాస్తారు, లోడ్ మితిమీరినా, వోల్టేజీ పెరిగినా, షార్ట్ అయినా ఆపేసే రక్షణలు అవి. పీసీ ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతం కంటే పైకి పోకూడదు, అంటే 12.6 దాటకూడదు. నాది చచ్చేటప్పుడు ఆపాల్సింది పోయి ఎక్కువ వోల్టేజీ బయటికి తోసింది. డిస్కులు బెంగళూరుకు పంపాను. వాటి సర్క్యూట్ బోర్డు మీద ఉండే రక్షణ డయోడ్ షార్ట్ అయిందని, లోపలి ప్లేట్లకు దెబ్బ తగలకపోతే డేటా వస్తుందని అక్కడివాళ్లు అన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

80 ప్లస్ ముద్ర ఉంటే చాలు అని కొందరు చెప్తారు. అది 2004లో మొదలైన సామర్థ్యపు గుర్తు, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా అవుతుందో చెప్పేది. బ్రాంజ్ అంటే 115 వోల్టుల టెస్టులో సగం లోడ్ దగ్గర 85 శాతం. భద్రత సంగతి అది చెప్పదు. గిగాబైట్ వాళ్ల జీపీ-పీ750జీఎం 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉన్నదే. అయినా లోడ్ టెస్టుల్లో పేలుతున్నాయని టెస్ట్ చేసేవాళ్లు బయటపెట్టారు. 2021 ఆగస్టులో కంపెనీయే మార్చిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కాబట్టి ముద్ర ఒక్కటే చూడకుండా ఆ మోడల్‌ను విప్పి టెస్ట్ చేసిన రివ్యూ ఉందా అని వెతకండి. కంపెనీ పేరు మంచిదైనా ప్రతి మోడలూ మంచిది కాదు.

ఇంకో గుర్తు. వెనక వైపు 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది పాత తరం డిజైన్, యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) లేదన్నమాట. మంచి వాటి మీద 100-240 వోల్టులు అని ఉంటుంది, స్విచ్ ఉండదు. ఎండాకాలం మన దగ్గర వోల్టేజీ ఎలా ఊగుతుందో అందరికీ తెలిసిందే, 100-240 ఉన్నది తక్కువ వోల్టేజీని కూడా తట్టుకుంటుంది. కార్డుకు సరిపడా పిన్ను ఎస్‌ఎంపీఎస్ నుంచే నేరుగా రావాలి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి 8 పిన్నుకు మార్చే కన్వర్టర్ ఇచ్చి "పెట్టేయ్ ఏం కాదు" అంటే ఆ షాపు నుంచి వచ్చేయండి. 8 పిన్ను మీద 150 వాట్ల దాకా పోతుంది, ఆ సన్న వైర్లు అంత మోయలేక కరిగిపోతాయి.

చట్టం గురించి నాకు ఒక లాయర్ అన్న చెప్పింది మీకూ పనికొస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనన్నా అంతే. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. నేను 1915లో ఫిర్యాదు ఇచ్చేశా. స్టిక్కర్ ఫోటో, ఎస్టిమేట్ కాగితం, యూపీఐలో డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ జత చేశా. ఆ రోజు మౌస్ కొనడానికి వచ్చినాయన ఇది చదువుతుంటే దయచేసి నాకు మెసేజ్ పెట్టండి, మీరు చూసింది చూసినట్టు రాసిస్తే చాలు.

కొనేవాళ్లకు చెప్పేది ఇంతే. 12 వోల్టుల ఆంపియర్లు షాపులోనే గుణించి చూసుకోండి. మోడల్, సీరియల్ నంబర్ ఉన్న జీఎస్టీ బిల్లు లేకుండా కదలొద్దు. వారంటీ షాపు నోటిమాట మీద కాకుండా కంపెనీ పేరు మీద ఉండాలి. కోర్సెయిర్ సీఎక్స్‌కు 5 ఏళ్లు, సీసానిక్ ఫోకస్ జీఎక్స్‌కు 10 ఏళ్లు కంపెనీయే ఇస్తుంది. లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి, ఏ కంపెనీదో వస్తుంది. ఎప్పుడైనా రిపేరుకు ఇవ్వాల్సి వస్తే కౌంటర్ మీద పెట్టకముందే వీడియో ఆన్ చేసి, సీలు వాళ్ల ముందే చూపించి, తర్వాతే చేతికి ఇవ్వండి. మిక్సింగ్ చేసేవాళ్లు ఒక కాపీని కేబినెట్ బయట, వైరు తీసేసిన డిస్కులో పెట్టండి.

ఈ వారం పార్టులు తీసుకోబోతున్న వాళ్లెవరికైనా అనుమానం ఉంటే లేబుల్ ఫోటో పెట్టండి. తెలిసినంతలో చూసి చెప్తాను.