వీసా సులువే, బస దగ్గరే తంటా

విదేశీ పాస్‌పోర్టుతో హైదరాబాద్‌కి వైద్యానికి వచ్చేవాళ్లు ఆసుపత్రి గురించి పదిమందిని వాకబు చేస్తారు, బస మాత్రం ఫొటోలు చూసి బుక్ చేసేస్తారు. అమెరికా పాస్‌పోర్టున్న పెద్దనాన్న మోకాళ్ల ఆపరేషన్‌కి వచ్చినప్పుడు ముప్పుతిప్పలు పెట్టింది వీసా కాదు, గచ్చిబౌలిలో రోజుకు 2,200 తీసుకున్న ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్. (ఓసీఐ కార్డు, అంటే భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు, ఉంటే అసలు వీసా గొడవే లేదు. ఆయన తీసుకోలేదు.)

ఈ-మెడికల్ వీసాకి, అంటే వైద్యానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే వీసాకి, దరఖాస్తు ప్రభుత్వ సైట్‌లోనే పెట్టాలి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు అదనంగా గుంజుతాయి. ప్రయాణానికి కనీసం 4 రోజుల ముందు పెట్టాలి. పాస్‌పోర్టుకి 6 నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పాస్‌పోర్టు పీడీఎఫ్ 300 కేబీ దాటితే సైట్ తీసుకోదు. తోడు వచ్చేవాళ్లకు, ఇద్దరి వరకు, విడిగా అటెండెంట్ వీసా ఉంటుంది. ఆ ఫారంలో రోగి దరఖాస్తు వివరాలు అడుగుతారు కాబట్టి రోగిది ముందు పూర్తిచేయండి.

మన పేర్లతో చిక్కొచ్చేది దరఖాస్తుకి జతచేయాల్సిన ఆసుపత్రి లెటర్ దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆసుపత్రి వాళ్లు పాత ఫైలు చూసి ఒక్క ఇనీషియల్ కొట్టి పంపుతారు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, జబ్బు, చేయబోయే చికిత్స, సుమారు తేదీలు, డాక్టరు సంతకం, లెటర్‌హెడ్ అన్నీ చూసుకున్నాకే అప్‌లోడ్ చేయండి. ఇంటర్నేషనల్ పేషెంట్స్ డెస్క్‌కి పాస్‌పోర్టు స్కాన్ పంపితే సాయంత్రానికల్లా సరిచేసిన లెటర్ వచ్చింది. వాళ్లకు దణ్ణం పెట్టాలి.

ప్రయాణం, ఆపరేషన్ సాఫీగా జరిగాయి.

ఇక ఆ అపార్ట్‌మెంట్. విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు కార్యాలయానికి) ఆన్‌లైన్‌లో ఫారం సి, అంటే దిగినవాళ్ల వివరాల ఫారం, వేయాలి (2025 కొత్త నిబంధనల్లో దీని పేరు ఫారం III). చుట్టాలింట్లో దిగినా ఇంటివాళ్లు వేయాల్సిందే. ఇక్కడి మేనేజరు మాత్రం "అవన్నీ ఎందుకు సార్, ఆధార్ ఉంటే ఇవ్వండి" అన్నాడు. అమెరికా పౌరుడికి ఆధార్! పైగా లిఫ్ట్ ఉందన్నారు గానీ, లిఫ్ట్ దాకా వెళ్లాలంటే నాలుగు మెట్లు. వాకర్‌తో ఆ మెట్ల ముందు నిలబడ్డ పెద్దనాన్న రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ-మెడికల్ వీసా మొదటిసారి దిగిన రోజు నుంచి 60 రోజులే. రెండో మోకాలు, ఫిజియోథెరపీ కలిస్తే అవి చాలవు. పొడిగింపుకి ఎఫ్ఆర్ఆర్ఓ ఆన్‌లైన్ సైట్ ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో గడువు తీరకముందే దరఖాస్తు పెట్టాలి, ఇంకా ఎన్నాళ్లు పడుతుందో ఆసుపత్రి తాజా లెటర్ జతచేయాలి. బస రుజువు దగ్గర ఫారం సి లేకపోవడంతో దరఖాస్తు ఆగింది. అడిగితే మేనేజరు ఫోనెత్తడు.

కొండాపూర్‌లో రోజుకు 2,900 గెస్ట్‌హౌస్‌కి మారాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. కౌంటర్‌లో కుర్రాడు పాస్‌పోర్టు, వీసా, ఇమిగ్రేషన్ స్టాంపు పేజీ ఫోన్‌తో తీసుకుని, సామాను గదికి చేరేలోపే ఫారం సి ప్రింటు చేతిలో పెట్టాడు. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ ఉంది, కమోడ్ ఎత్తు సరిపోయింది. సాంబారు నీళ్లలా ఉందని పెద్దమ్మ సణిగింది, అది నిజమే. రోజుకు 700 ఎక్కువైనా ఇదే నయం.

అడ్వాన్సు పంపేముందు ఫోన్‌లోనే అడగండి: ఫారం సి వేస్తారా, ప్రింటు ఇస్తారా, గేటు నుంచి లిఫ్ట్ దాకా మెట్లెన్ని. నీళ్లు నమిలితే ఇంకో చోటు చూసుకోండి.