కుట్టు గది, ఇల్లు ఒకేచోట: చక్రాల కుర్చీకి అనువుగా ఇల్లు గీసిచ్చిన డిజైన్ సేవపై సమీక్ష

చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల నేను చక్రాల కుర్చీలోనే తిరుగుతాను. ఇరవై ఏళ్లుగా జాకెట్లు, డ్రెస్సులు కుట్టడమే నా జీవనాధారం. ఏలూరులో మాకున్న 200 గజాల స్థలంలో ముందు భాగాన కుట్టు గది, వెనుక అమ్మా నేనూ ఉండే ఇల్లు వచ్చేలా గత ఏడాది కట్టుకున్నాం. ప్లాన్ గీయడం, పని దగ్గరుండి చేయించడం రెండూ ఒక చిన్న ఆర్కిటెక్టు సంస్థకు అప్పగించాం. వాళ్ల పనిలో నాకు బాగా నచ్చినవీ, ఇబ్బంది పెట్టినవీ ఉన్నాయి కాబట్టి రెండూ రాస్తున్నాను.

మొదటి చర్చ బేస్‌మెంటు ఎత్తు దగ్గరే వచ్చింది. ర్యాంపు పొట్టిగా ఉంటుందని నేను ఆరు అంగుళాలు చాలన్నాను. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైపైనే వేస్తున్నారనీ, పదేళ్లు తిరిగేసరికి కాలువ నీళ్లు నా మెషీన్ కిందికి వస్తాయనీ చెప్పి, డిజైనర్ గారు అడుగున్నర ఎత్తుకు నన్ను ఒప్పించారు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున, అంటే మన దేశ మార్గదర్శకాల్లో ఉన్న 1:12 వాలు ప్రకారం, 18 అడుగుల ర్యాంపు కావాలి. దాన్ని తూర్పు ప్రహరీ వెంట తొమ్మిది అడుగులు పోనిచ్చి, ఆగ్నేయ మూలలో ఐదడుగుల సమతలం మీద తిప్పి, మళ్లీ తొమ్మిది అడుగులతో వరండాకు చేర్చారు. ఈశాన్యం బరువు లేకుండా ఖాళీగా మిగలడంతో అమ్మ మనసూ కుదుటపడింది. పునాది తీయకముందే చెక్క పలకలతో అదే వాలు కట్టి, ఎవరి సాయం లేకుండా నన్ను ఎక్కి చూడమన్నారు. తొమ్మిది అడుగులు ఎక్కేసరికి నా భుజాలు ఆగమన్నాయి. ఆ సమతలం ఎందుకో అప్పుడు నాకు చేతులతో అర్థమైంది.

ర్యాంపు లెక్క చదువుకున్న మేస్త్రీ కూడా వేయగలడు. ఈ సంస్థకు ఇచ్చిన డబ్బు దేనికంటే, పని గదికీ ఇంటికీ మధ్య నా రోజు ఎలా గడుస్తుందో డిజైనర్ గారు అడిగి తెలుసుకున్న తీరుకు. రెండు పూటలు మా పాత అద్దె గదిలో కూర్చుని, నేను మోచేతితో పెడల్ నొక్కడం, ఇస్త్రీపెట్టె తీగ చక్రాల్లో చుట్టుకోవడం, దారపు ముక్కలు ముందు చిన్న చక్రాల ఇరుసుకు మెలికపడి కుర్చీ ఒక పక్కకు లాగడం అన్నీ రాసుకున్నారు. ఇప్పుడు పెడల్‌కు గోడవారగా నా మోచేతి ఎత్తులో చిన్న బల్ల ఉంది. ఇస్త్రీ తీగ పైకప్పు నుంచి వేలాడుతుంది. కత్తిరింపు బల్ల 30 అంగుళాల ఎత్తులో, కింద మోకాళ్లు దూరేలా కాళ్లు పక్కలకు జరిపి ఉంది. కుట్టు గది నుంచి ఇంట్లోకి పోయే జారుడు తలుపు దగ్గర నేలను తవ్వి, పైమట్టం గచ్చుతో సమంగా వచ్చేలా కొబ్బరిపీచు పట్టా దింపారు. చక్రాలకు అంటిన దారాలు దాదాపు అక్కడే రాలిపోతాయి. ట్రయల్ గది కూడా ఐదడుగుల చదరంలో పెట్టించారు, నాలాగా కుర్చీలో వచ్చే కస్టమరు ఉండవచ్చు కదా అని.

గడప విషయంలో అమ్మ పట్టుబట్టింది. గడప లేని ఇంట్లో లక్ష్మి నిలవదని ఆమె నమ్మకం, రెండంగుళాల గడప కూడా నాకు గోడే. సింహద్వారం కింద టేకు గడపను నేలతో సమంగా దింపి బిగించారు, వాన నీరు లోపలికి రాకుండా తలుపు అడుగున రబ్బరు పట్టీ వేశారు. శుక్రవారం అమ్మ దానికి పసుపు రాసి బొట్లు పెడుతుంది, నేను మధ్యలో చక్రం పడకుండా పక్కగా పోతాను.

బాత్‌రూమ్‌లో తలుపు బయటికి తెరుచుకుంటుంది, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలు గట్టిగా ఉన్నాయి, నీళ్లు మూలకు పోయే వాలు సరిపోయింది.

ఇక లోపాలు. ప్లాన్‌లో గరుకు ఉపరితలం అని ఉండగా, వాళ్ల పర్యవేక్షణలోనే పనివాళ్లు ర్యాంపు మీద నున్నని పాలిష్ గ్రానైట్ పరిచారు. తొలి వానకే నా కుర్చీ రెండడుగులు వెనక్కి జారింది. అంచున నాలుగంగుళాల గట్టు ఉండబట్టి పక్కకు పడలేదు. రాళ్లు తీసి గీతలు కొట్టిన సిమెంటు వేయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ అమ్మ వెనుక నుంచి తోస్తే తప్ప నేను నా షాపులోకి రాలేకపోయాను. పైగా మార్పు ఖర్చులో సగం మా మీదే వేశారు. ఇది న్యాయం కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ర్యాంపు అడుగున కాలువ జాలీ కమ్మీలనూ మేము పోయే దిశలోనే బిగించారు, ముందు చక్రం సందులో ఇరుక్కుంది. కమ్మీలు అడ్డంగా, సందు అర అంగుళం మించకుండా ఉండాలని చెప్పి మార్పించుకున్నాను.

గీసే పనికి ఈ సంస్థను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కట్టించే పని కూడా వాళ్లకే ఇస్తే మాత్రం, ర్యాంపు పైపూత ఏమిటో, జాలీ ఏ దిశలో ఉండాలో, తప్పు జరిగితే ఖర్చెవరిదో ఒప్పంద పత్రంలో రాయించుకుని, పైపూత తడిపి మీ కుర్చీతో ఎక్కి చూశాకే ఆఖరి వాయిదా చెల్లించండి.