ఎరుపుకి ఏ మిర్చి: తేజానా, బ్యాడిగా?

గుంటూరు యార్డులో రెండూ దొరుకుతాయి. తేజా సన్నగా, నున్నగా ఉంటుంది. ఘాటెక్కువ, రంగు ఓ మోస్తరు. బ్యాడిగి ముడతలు పడి ఉంటుంది. కారం తక్కువ, రంగు మాత్రం చిక్కటి ఎరుపు. మిర్చిలో ఘాటు క్యాప్సైసిన్ అనే పదార్థానిది, ఎరుపు క్యాప్సాంథిన్ అనే వేరే రంగు పదార్థానిది. అందుకే ఎర్రగా ఉన్నంత మాత్రాన మండుతుందనుకోవద్దు.

ఆవకాయకి ఒక్క తేజా పడితే నోరు మండుతుంది, ఊట పాలిపోతుంది. ఒక్క బ్యాడిగైతే చూపే గాని కారముండదు. కిలో బ్యాడిగికి పావుకిలో తేజా కలిపితే మధ్యస్థంగా కుదురుతుంది. మనవాళ్ల నోటికి అరకిలో దాకా పోవచ్చు. తొడిమలు తీసి, గలగలలాడేలా ఎండాకే మరపట్టించాలి. గింజలు ఎక్కువైతే పొడి పసుపు తిరుగుతుంది.

ఈ రంగు నూనెలోనే దిగుతుంది, నీళ్లలో కాదు. పోపు పొగలు కక్కుతుండగా కారం వేస్తే నల్లబడుతుంది. గోరువెచ్చగా అయ్యాక కలపాలి. ఎండ తగిలే గాజుసీసాలో పెడితే బ్యాడిగి అందం కూడా నెలల్లో వెలిసిపోతుంది.