ఢిల్లీ నుంచి వచ్చిన లాంగ్ వీల్‌బేస్ లగ్జరీ కారు చవకగా దొరుకుతోందని కొనబోతున్నవారికి హెచ్చరిక

తోటి కొనుగోలుదారులకు నమస్కారం. 2024 జనవరిలో నేను హైదరాబాద్‌లోని ఒక పాత కార్ల వ్యాపారి వద్ద ఒక జర్మన్ కంపెనీ లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం పెంచిన) సెడాన్‌ను 22 లక్షల రూపాయలకు కొన్నాను. అది 2014లో ఢిల్లీలో రిజిస్టరైన పెట్రోలు కారు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దానిలోకి గాలిని బలంగా తోసే రెండు టర్బోలు. కొత్తగా వచ్చినప్పుడు దాని ధర కోటి రూపాయలు దాటింది. జీవిత పన్ను కాకుండానే దాని మీద మరో 10 లక్షల 20 వేల రూపాయలు ఖర్చుపెట్టిన తరువాత, అది ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవరు కప్పుకొని నిలబడి ఉంది. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ ముందు పెండింగులో ఉన్నందున వ్యాపారి పేరు రాయడం లేదు. కారు కంపెనీ పేరు కూడా రాయడం లేదు, ఎందుకంటే ఇందులో తప్పు తయారీదారుది కాదు; తెలిసి దాచిన అమ్మకందారుది, అడగవలసిన ప్రశ్న అడగకుండా డబ్బు కట్టిన నాది.

ఇంత పెద్ద కారు ఇంత తక్కువకు ఎలా ఇస్తున్నారని అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలను అమలు చేయమని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో చెప్పిందని, అందువల్ల అక్కడివారు గడువు ముంచుకురాక ముందే కార్లను వదిలించుకుంటున్నారని, ఆ లాభం మన ఊరి వారికి దక్కుతోందని వివరించాడు. ఆనాటికి అందులో అబద్ధమేమీ లేదు. అయితే నేను కొంటున్నది పెట్రోలు కారు. ఆ లెక్క ప్రకారమే అది 2029 వరకు ఢిల్లీలో నిక్షేపంగా తిరగవచ్చు. డీజిల్ కారు యజమానికి ఉండవలసిన తొందర ఈ పెట్రోలు కారు యజమానికి ఎందుకు పట్టిందన్న చిన్న ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. ఒక కారుకు వర్తించే నిజాన్ని తెచ్చి మరో కారుకు తగిలించి అమ్మడమే ఈ వ్యాపారంలోని కిటుకు అని నాకు అర్థమయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంది. "మీకోసమే ఏసీ వేసి ఉంచాను సార్" అన్నాడు. అక్కడి నుంచి నేరుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించాడు. వంద కిలోమీటర్ల వేగంలో కూడా లోపల గడియారం చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. కాలు కొంచెం నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయే బలం. నా పక్కన కూర్చున్న బావమరిది "బావా, ఇక ఆలోచించకు" అన్నాడు. ఇలాంటి కార్లలో జబ్బులు చల్లని ఇంజిన్‌లోను, ట్రాఫిక్‌లోను, రాత్రంతా నిలబెట్టినప్పుడు మాత్రమే బయటపడతాయని, ఖాళీ రహదారి మీద అవేవీ కనబడవని మా ఇద్దరికీ తెలియదు.

మూడో రోజు ఉదయం సెల్లార్‌లోకి వెళ్లి చూస్తే కారు వెనుక ఎడమవైపు గేదె మోకాళ్ల మీద కూర్చున్నట్టు కుంగిపోయి ఉంది. టైరు పైభాగం మడ్‌గార్డు లోపలికి వెళ్లిపోయింది. స్టార్ట్ చేయగానే డిక్కీ కింద నుంచి బుర్రుమని శబ్దం వచ్చి, ఒక నిమిషంలో మెల్లగా లేచి నిలబడింది. ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు సంచుల మీద బరువు మోసే ఎయిర్ సస్పెన్షన్ ఇది. మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో 1998 తరం నుంచి ఉన్నదే. ఆడి ఏ8లో నాలుగు చక్రాలకూ ఉంటుంది, కొన్ని ఇతర పెద్ద సెడాన్లలో వెనుక రెండు చక్రాలకు మాత్రమే ఉంటుంది. ఎంత మంచి కారైనా ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్లు వస్తాయి, అది సహజమే. అసలు నష్టం తరువాత మొదలవుతుంది. కారిపోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి, చివరకు అదీ కాలిపోతుంది. నా విషయంలో రెండూ కలిసే పోయాయి: వెనుక రెండు సంచులు, కంప్రెసర్ కలిపి 2 లక్షల 40 వేలు. కాబట్టి చూడడానికి వెళ్లే రోజుకు ముందు రాత్రి కారును కదల్చకుండా ఉంచమని చెప్పి, తెల్లవారుజామున ఎవరూ స్టార్ట్ చేయకముందే వెళ్లి, ప్రతి చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలవండి. ఎడమ, కుడి కొలతల్లో రెండు వేళ్ల తేడా కనిపిస్తే అక్కడి నుంచే తిరిగి వచ్చేయండి.

రెండో నెలలో పొగ కనిపించింది. పంజాగుట్ట దగ్గర చాలాసేపు ఆగిన తరువాత సిగ్నల్ పడి కదిలితే, వెనుక ఉన్న ఆటో డ్రైవరు హారన్ కొట్టి చెయ్యి చూపించాడు. అద్దంలో చూస్తే నీలి పొగ. నాకు తెలిసిన ఒక పాత మెకానిక్ దగ్గరకు తీసుకువెళితే ఆయన బానెట్ ఎత్తి, ఇంజిన్ నడిమధ్య చెయ్యి పెట్టకుండా దూరం నుంచే వేలు చూపించి, "పొయ్యి తీసుకొచ్చి ఇంటి నడుమ పెట్టారు భాయ్" అన్నాడు. మామూలుగా సిలిండర్లు రెండు వరుసలుగా వాలి ఉండే వి ఆకారపు ఇంజిన్‌లో టర్బోలు బయటి పక్కల వేలాడుతూ ఉంటాయి. ఈ తరహా ఇంజిన్లలో రెండు సిలిండర్ వరుసల మధ్య లోయలో టర్బోలను కూర్చోబెడతారు. దానివల్ల కాలు నొక్కగానే బలం అందుతుంది, చోటు కూడా కలిసివస్తుంది. కానీ ఎర్రగా కాగే టర్బోల వేడి అంతా అక్కడే పోగుపడి, చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలు, వైర్ల తొడుగులు, ఆయిల్ సిలిండర్లలోకి కారకుండా ఆపే వాల్వ్ సీళ్లు గట్టిపడిపోతాయి. ఇంజిన్ ఊరికే ఆడుతున్నప్పుడు లోపల పీడనం తగ్గి, గట్టిపడ్డ సీళ్ల పక్కనుంచి ఆయిల్ లోపలికి పీల్చుకుంటుంది; కదిలినప్పుడు అది మండి నీలి పొగ అవుతుంది. మే నెలలో హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని ముప్పావుగంట నిలబడే కారుకు ఇది ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. వాల్వ్ సీళ్లు మార్చడానికి 4 లక్షల 60 వేలు అయింది. అందులో సీళ్ల ధర కొంచెమే, మిగిలినదంతా అక్కడిదాకా విప్పి తిరిగి బిగించే పనికే.

ఆయిల్ కొలిచే పుల్ల కూడా ఈ కారులో లేదు. తెర మీద కనిపించే గీతనే నమ్మాలి. అమ్మే ముందు రోజు ఆయిల్ నింపితే ఆ గీత నిండుగానే కనిపిస్తుంది. మీరు చేయగలిగినది ఒకటే: చల్లని ఇంజిన్‌ను మీ చేత్తో స్టార్ట్ చేసి, పావుగంట ఊరికే ఆడనిచ్చి, తరువాత ఒక్కసారి కాలు నొక్కి, వెనుక ఒక మనిషిని నిలబెట్టి పొగ రంగు చూడమనండి.

ఇక్కడివరకు జరిగినదంతా పాత కారు అన్నాక ఉండేదేనని సర్దుకున్నాను. ఆగస్టు వానల్లో తలుపులు వాటంతటవే తాళం పడడం, వెనుక సీట్లు సగం జరిగి ఆగిపోవడం, తెర చీకటైపోవడం మొదలైన తరువాత ఎలక్ట్రీషియన్ వెనుక సీటు ఊడదీశాడు. కార్పెట్ కింద ఉన్న మందపాటి స్పాంజిని ఎత్తితే దాని అడుగున బియ్యప్పిండిలాంటి సన్నని బూడిదరంగు ఒండ్రు పొర. సీటు బోల్టుల తలల్లో తుప్పు. వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగితే, చుట్టలోపల ఎప్పుడూ బయటకు రాని జానెడు భాగం మీద నీటి చార అడ్డంగా గీత గీసినట్టు ఉంది. ఇలాంటి కార్లలో బ్యాటరీ, సౌండ్ ఆంప్లిఫయర్, అనేక కంట్రోల్ యూనిట్లు (కారును నడిపించే చిన్న కంప్యూటర్లు) డిక్కీలోను, సీట్ల కింద అట్టడుగునే ఉంటాయి. మోకాలి లోతు నీళ్లు చాలు, ఇంజిన్‌కు ఏమీ కాకుండానే కారు బుర్ర తడిసిపోతుంది. 2023 జులైలో ఢిల్లీలో యమున 208.66 మీటర్ల ఎత్తుకు చేరి, 1978 నాటి రికార్డును దాటిన సంగతి, నదికి దగ్గరలోని కాలనీల్లో కార్లు నీళ్లలో నిలిచిన సంగతి పత్రికల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. నా కారు ఆ నీళ్లలోనే మునిగిందని నేను నిరూపించలేను. ఆరు నెలల తరువాత అది హైదరాబాద్‌లో అమ్మకానికి వచ్చిందని మాత్రం చెప్పగలను. ఇన్సూరెన్సు క్లెయిమ్ ఏదీ నమోదు కాలేదు కాబట్టి కాగితాల మీద అది మచ్చలేని కారు.

కొనేముందు నేను, కారు కంప్యూటర్లలో నమోదైన తప్పులను చదివే స్కానర్ పెట్టించాననీ చెప్పాలి. ఒక్క తప్పూ చూపించలేదు, సంతోషించాను. తప్పులేవీ లేకపోవడానికి, తప్పులు చెరిపేయడానికి తేడా ఉందని తరువాత తెలిసింది. ఆ తప్పుల కోడ్‌లు చెరిపేసినప్పుడు కారు తనను తాను పరీక్షించుకునే 'రెడీనెస్ మానిటర్లు' కూడా సున్నాకు వస్తాయి. కొన్ని రోజులు రకరకాలుగా నడిపితే తప్ప అవి మళ్లీ పూర్తి కావు. నా స్కాన్ రిపోర్టు రెండో పేజీలో వాటిలో చాలావరకు 'పూర్తి కాలేదు' అనే ఉంది. నేను మొదటి పేజీ మాత్రమే చదివాను. అలాగే తిరిగిన కిలోమీటర్లు మీటరులోనే కాకుండా మరికొన్ని కంట్రోల్ యూనిట్లలో కూడా, కొన్ని కార్లకైతే తాళంచెవిలో కూడా నమోదవుతాయి. అన్నిటినీ పోల్చి చూడమని అడగండి. పోల్చనివ్వకపోతే అదే మీకు కావలసిన సమాధానం.

లాంగ్ వీల్‌బేస్ అంటే అదనంగా వచ్చిన 13, 14 సెంటీమీటర్లూ వెనుక సీటు మనిషి కాళ్ల కోసమే. అంటే ఇది యజమాని వెనుక కూర్చుని, ఫోను మాట్లాడుకుంటూ తిరిగిన కారు. దాని మూలుగులు, దగ్గులు తెలిసినది ముందు కూర్చున్న డ్రైవరుకు. పాత యజమాని నంబరు ఇస్తే సరిపోదు, కారు నడిపిన డ్రైవరుతో రెండు నిమిషాలు మాట్లాడించమని అడగాలని ఇప్పుడు అనిపిస్తోంది. నేను యజమానితో కూడా మాట్లాడలేదు.

కాగితాల విషయం. వేరే రాష్ట్రపు కారును పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి పాత రవాణా కార్యాలయం నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. జీవిత పన్ను లెక్క మీరు కొన్న ధర మీద కాదు, కారు కొత్తప్పటి ధర మీద మొదలై, వయసునుబట్టి శాతం తగ్గుతుంది. కోటి దాటిన కారుకు వయసు మినహాయింపు పోగా కూడా అది లక్షల్లోనే ఉంటుంది. 22 లక్షల బేరంలో దీని మాట ఎవరూ ఎత్తరు. పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధికారపత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ పత్రం చూపించమనండి. డెలివరీ రోజు ఇరవై సంతకాల మధ్య 'ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించితిని' అన్న కాగితం మీద కూడా నేను సంతకం చేశాను. 3 లక్షలు నగదుగా ఇచ్చాను, రసీదు లేదు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారమే కుదరదని ఆ తరువాత లాయరు చెప్పారు.

50 లక్షల లోపు కొనుగోలు కనుక ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో వేశాను. రెండేళ్ల గడువు దాటకముందే వేయాలి కాబట్టి, ఇలాంటి స్థితిలో ఉన్నవారు వ్యాపారి ఇచ్చే "వచ్చే వారం చూద్దాం సార్" అన్న మాటలతో నెలలు గడపవద్దు. ఒండ్రు పొర, సీటు బెల్టు చార ఫొటోలను, స్పాంజి ముక్కను కవరులో కట్టి భద్రంగా ఉంచాను. వ్యాపారి తన సమాధానంలో, నీళ్లు మా సెల్లార్‌లోనే చేరి ఉండవచ్చని రాశాడు. మా సెల్లార్‌లో ఆ కారుకు అటూ ఇటూ నిలబడే రెండు కార్ల సీట్ల కింద నేను, మా వాచ్‌మన్, పొరుగువారు కలిసి వెతికి చూశాము. పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు.

గత వారం అదే వ్యాపారి ప్రకటనల్లో మరో నల్ల లాంగ్ వీల్‌బేస్ సెడాన్ కనిపించింది. 2015 మోడల్, పెట్రోలు, ఢిల్లీ నంబరు. 'ఢిల్లీ రూల్ కారణంగా ఇంత తక్కువ ధర' అని కింద రాసి ఉంది.