ఆనకట్టల ఈడుదే ఈ ఎర: పాత చెక్క ఫ్లాట్‌ఫిష్ ఏళ్ళ తరబడి వాడాక

పాత ఎరలు కొనేవాళ్ళు రెండు రకాలు. కొందరు అట్టపెట్టె కూడా నలగకుండా బీరువాలో దాచుకుంటారు, కొందరు నీళ్ళలో వేస్తారు. ఈ సమీక్ష రెండో రకం వాళ్ళకి. చార్లెస్ హెలిన్ 1933లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన ఫ్లాట్‌ఫిష్ అనే కృత్రిమ ఎరలో చెక్కవీ, తర్వాతి ప్లాస్టిక్‌వీ రెండూ సాల్మన్, స్టీల్‌హెడ్, ట్రౌట్ చేపలకు చాలాకాలంగా పక్కపక్కనే వాడుతున్నాను. నీళ్ళలో ఊగుతూ కదిలే ఆటలో చెక్కదే పైచేయి. అయితే ఆ ఆటకు నెమ్మదిగా, నిలకడగా పారే నీరు కావాలి. ఆ నీరే ఇప్పుడు అరుదైపోయింది. అమెరికాలోని కొలంబియా నదికి అడ్డంగా కట్టిన మొదటి ఆనకట్ట రాక్ ఐలండ్ పూర్తయింది కూడా అదే 1933లో కావడం ఒక విచిత్రం.

దీనికి నీటిని తోసే లిప్ (మూతి ముందు పలక) విడిగా ఉండదు. అరటిపండులా వంగిన ఒంటికి ముందుభాగాన్నే ఏటవాలుగా చదును చేశారు. ఆ చదును మీద పడిన నీరు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి జారుతుంటే ఎర మొత్తం వెడల్పుగా ఊగుతుంది. సన్నటి రపాలా రకం ఎర ఇంకా బద్ధకంగా కదులుతున్న వేగానికే ఇది పూర్తి ఆటలో ఉంటుంది. పడవ వెనక లాగేటప్పుడు గంటకు 1.5 నుంచి 3 కిలోమీటర్లు చాలు. వేగం మరీ పెరిగితే ముందుభాగం మీద నీటి ఒత్తిడిని కింద వేలాడే గాలాల బరువు ఆపలేదు. ఎర పక్కకు ఒరిగి, గిరగిరా తిరిగి, పైకి తేలిపోతుంది. ఈ ఎర మీద వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే, తప్పు మాత్రం చాలావరకు వేగానిది.

అందుకే గాలాలు మార్చేటప్పుడు తూకం చూడాలి. పాత మూడు కొక్కేల గాలాలు తుప్పుపట్టి ఉంటాయి, మార్చక తప్పదు. పాతది తీసి చిన్న డిజిటల్ తూకం మీద పెట్టండి, కొత్తది దానికి అర గ్రాము అటూ ఇటూగా ఉండాలి. చిన్న సైజు ఎరలకు ఆ తేడా కూడా ఎక్కువే. గాలం తేలికైతే ఎర త్వరగా తిరగబడుతుంది, బరువైతే ఊపు చచ్చిపోయి నీళ్ళలో కర్రముక్కలా వస్తుంది. చాలా మోడళ్ళలో గాలాలు పొట్ట కింద అడ్డంగా ఉన్న తీగ చేతులకు వేలాడతాయి. చేప తగలడం వరకూ ఆ ఏర్పాటు బ్రహ్మాండం. తర్వాతే చిక్కు. పెద్ద చేప మెలి తిప్పితే తీగ వంగుతుంది, వలలోకి తీసుకోగానే నాలుగు కొక్కేలు వల కన్నాలు నాలుగింటిలో ఇరుక్కుంటాయి. పెద్ద సైజుల్లో నేను తీగ తీసేసి, స్ప్లిట్ రింగుకి (చుట్ట రింగు) స్వివెల్ (గిర్రున తిరిగే లంకె), దానికి ఒంటి గాలం పెడతాను. చేప మెలి తిప్పినా స్వివెల్ తిరుగుతుంది, చెక్కలోని స్క్రూ మీద మెలి భారం పడదు. కొన దగ్గర వెనక్కి తిరిగిన ములుకు లేని గాలాలే వాడాలన్న నిబంధన ఉన్నచోట్ల కూడా పని సులువవుతుంది.

వేసే ముందు పడవ పక్కన ఒక మీటరు లైన్ వదిలి ఎర నడక చూడండి. కుడికి పోతుంటే లైన్ కట్టే కన్నును సన్నటి పట్టకారుతో వెంట్రుకవాసి ఎడమకి వంచాలి, ఎడమకి పోతుంటే కుడికి. కన్నును పట్టి మర తిప్పినట్టు తిప్పకండి. ప్లాస్టిక్ అయితే తట్టుకుంటుందేమో గానీ, ఇన్నేళ్ళ చెక్కలో రంధ్రం వదులై, మంచి చేప పడినప్పుడే స్క్రూ ఊడి వస్తుంది. ఇప్పటికే వదులుగా ఉంటే స్క్రూ తీసి, పుల్ల కొనతో రెండు భాగాల ఎపాక్సీ ఒక చుక్క రంధ్రంలో పెట్టి, మళ్ళీ బిగించి ఒక రోజు కదపకండి.

చెక్క ఎర పాడవడం ఎప్పుడూ స్క్రూల దగ్గరే మొదలవుతుంది. రంగు మీద సన్నటి గీత కనిపిస్తుంది, దాంట్లోంచి నీరు చెక్కలోకి దిగుతుంది, చెక్క ఉబ్బి రంగును పెళ్ళలుగా లేపుతుంది. అంతకుముందే ఒక గుర్తు తెలుస్తుంది. పొద్దున సమంగా తేలిన ఎర మధ్యాహ్నానికి తోక దించుకుని తేలుతుంది. అప్పుడు ఎంత సరిచేసినా నడక కుదరదు, తీసి ఆరబెట్టాల్సిందే. అది కూడా నీడలో రెండు మూడు రోజులు. ఎండలోనో హీటర్ దగ్గరో పెడితే గీత కాస్తా చీలిక అవుతుంది. పూర్తిగా ఆరాక స్క్రూ చుట్టూ రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేస్తే చాలు. సేకరణకు విలువ తగ్గుతుందని కొందరు ఒప్పుకోరు. నీళ్ళలో వేసే ఎరకు ఆ లెక్క ఎందుకు?

సార్డిన్ ముక్క చుట్టే అలవాటు ఉన్నవాళ్ళు దాన్ని ప్లాస్టిక్ ఎరకే ఉంచుకోండి. మాంసం వైపు బయటికి ఉండేలా, అంచులు పలచగా కోసి, పొట్ట కింద సాగే దారంతో బిగిస్తే ఆట చెడదు, వాసన బాగా వదులుతుంది. పాత చెక్క గీతల్లోకి ఆ నూనె దిగితే ఆ తర్వాత ఏ పూతా అంటుకోదు.

ఇక నీటి సంగతి. ఆనకట్టలేని నదిలో దీన్ని వాడే పద్ధతి ఒకటే. పడవ ముక్కు ఎగువకు పెట్టి, ప్రవాహం కన్నా నెమ్మదిగా దిగువకు జారనిస్తూ, ఎరను పడవకు 15–20 మీటర్లు దిగువన వదలాలి. రాడ్ కొన ఒకే లయలో, లెక్కపెట్టగలిగేలా కొట్టుకుంటుంటే ఎర సరిగ్గా ఉన్నట్టు. కరెంటు తీసే ఆనకట్ట కింద ఆ లయ నిలవదు. టర్బైన్లు తెరిచాక కాసేపటికే ప్రవాహం మారిపోతుంది, అప్పటిదాకా బాగా ఆడిన ఎర తిరగబడుతుంది. నీటి విడుదల వేళలు చూసుకుని, నీరు పెరిగే ముందే చిన్న సైజుకి మారితే కొంత నయం.

జలాశయంలో ప్రవాహం ఉండదు కాబట్టి వేగం పడవే ఇవ్వాలి. ఎక్కడ లాగాలన్నదే అసలు ప్రశ్న. దానికి పాత నదే దారి చూపిస్తుంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఆనకట్టలకు ముందు నాటి పటాలను ఉచితంగా ఇస్తోంది. వాటిని ఇప్పటి లోతు పటం పక్కన పెడితే మునిగిన నదీమార్గం, వంపుల బయటి అంచులు, పాత ఉపనది కలిసిన చోటు తెలుస్తాయి. ఆ అంచు వెంట డౌన్‌రిగ్గర్‌తో (బరువు కట్టి ఎరను లోతుకు దించే సాధనం) ఎర దించి లాగితే ఖాళీ నీళ్ళలో తిరిగే సమయం బాగా తగ్గుతుంది. నీళ్ళు కప్పినంత మాత్రాన నది అడుగు చెరిగిపోదు. కొలంబియా మీది డాలెస్ ఆనకట్ట గేట్లు వేసిన 1957 మార్చి 10న సెలైలో జలపాతం కొన్ని గంటల్లోనే మునిగింది. వేల ఏళ్ళుగా అక్కడి ఆదివాసీ తెగలవాళ్ళు చెక్క అటకల మీద నిలబడి పిడివలలతో సాల్మన్ తీసిన చోటది. 2008లో అమెరికా ఆర్మీ ఇంజనీర్లు సోనార్‌తో చూస్తే ఆ రాళ్ళు అడుగున అలాగే ఉన్నాయి. అదే నదిలో ఇంకా ఎగువనున్న గ్రాండ్ కూలీ ఆనకట్ట సంగతి వేరు. దానికి చేపలు ఎక్కే మెట్లే కట్టలేదు, ఎగువ కొలంబియాకు సముద్రం నుంచి వచ్చే సాల్మన్ వలసలు అక్కడితో ఆగిపోయాయి.

కొనేవాళ్ళు ఫొటో చూసి డబ్బు కట్టకండి. తోక కొన, పొట్ట స్క్రూలు దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. మెరుపు మరీ ఎక్కువుంటే మళ్ళీ రంగు వేసినదే అనుకోండి. కొత్త రంగు మందంగా పడితే చదును అంచు మొద్దుబారి ఆట తగ్గుతుంది. రోజువారీ వాడకానికి ఇప్పుడు యాకిమా బెయిట్ కంపెనీ తయారుచేసే ప్లాస్టిక్ ఫ్లాట్‌ఫిష్ చాలు, రాళ్ళలో పోయినా బాధ ఉండదు. రబ్బరు పురుగుల్లాంటి మెత్తటి ఎరలతో మాత్రం ఏ పాత ఎరనూ ఒకే పెట్టెలో పెట్టకండి. ఆ మెత్తటి ప్లాస్టిక్‌లోని ద్రవం రంగును కరిగించి జిగురు చేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు.