కవీతా, మన్సనీయో, యోర్కిన్: పుయెర్తో వియేహో నుంచి ఏ దారి మేలు?

పుయెర్తో వియేహో కోస్టా రికాలో కరీబియన్ ఒడ్డున, పనామా సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. అక్కడ దిగినవాళ్లకి మొదటి సాయంత్రమే టూర్ కాగితాలు చేతికొస్తాయి. వాటిలో చాలా చోట్లకు టూర్ అక్కర్లేదు. పొద్దున్నే బయల్దేరి, సొంతంగా తిరిగి, సాయంత్రానికి బసకు చేరుకోవచ్చు.

అలా తిరిగేటప్పుడు నేను ముందు చూసేది తిరుగు దారి. అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఐదింటికీ ఆరింటికీ మధ్యే పొద్దు గుంకుతుంది. వేసవిలో ఏడింటి దాకా వెలుగు చూసే అలవాటుతో వెళితే అడవి మధ్యలో చీకటి పడిపోతుంది. అలా వెళ్లి రాగలిగిన చోట్లలో కవీతా, మన్సనీయో, యోర్కిన్ మూడింటినీ తిరుగు దారి లెక్కన చూస్తే నా మొదటి ఓటు కవీతాకే.

కవీతా ఊరు ఉత్తరంగా 16 కిలోమీటర్ల దూరం, బస్సులో అరగంట. ఊరి చివర చిన్న వాగు దాటితే జాతీయ పార్కు మొదలవుతుంది. ఈ వైపు గేటు దగ్గర టికెట్ ధర లేదు, ఇవ్వగలిగినంత విరాళం ఇస్తే చాలు. దాని వెనక ఒక పోరాటం ఉంది. 1994లో ప్రభుత్వం పార్కుల రుసుము ఒక్కసారిగా పెంచితే ఊరివాళ్లు ఎదురుతిరిగారు. చివరికి పార్కు నిర్వహణలో ఊరికి వాటా దక్కింది. అందుకే ఆ డబ్బాలో డబ్బు వేసేటప్పుడు చెయ్యి వెనక్కి లాగకండి.

కాలిబాట సుమారు 8 కిలోమీటర్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క అడవి. తలెత్తి నెమ్మదిగా నడిస్తే కొమ్మలకు వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్‌లు, అరిచే కోతులు కనిపిస్తాయి. తెల్లమొహం కోతులు మాత్రం మీ సంచీ కోసమే దిగొస్తాయి, తిండి బయటికి తీయకండి. దారిలో పెరెసోసో అనే ఏరు వస్తుంది. ఆకుల రసం దిగి దాని నీళ్లు టీ రంగులో ఉంటాయి. వాన పడ్డాక మోకాలి లోతు నీళ్లలో దాటాల్సి రావచ్చు, కాబట్టి తడిసినా పర్వాలేదనే చెప్పులు వేసుకోండి.

చాలామంది సగం దాకా వెళ్లి వచ్చిన దారినే వెనక్కి వస్తారు. నేనైతే పుయెర్తో వర్గాస్ గేటు దాకా నడిచేయమంటాను. అది పుయెర్తో వియేహో వైపునే ఉంది. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీదకి వచ్చి దక్షిణం వైపు వెళ్లే బస్సుకు చెయ్యి ఊపితే సరి. నడిచిన ప్రతి అడుగూ మిమ్మల్ని బసకు దగ్గర చేస్తుంది. మధ్యాహ్నం బయటపడితే ఇక టెన్షన్ ఉండదు.

మన్సనీయో దారి వేరు. దక్షిణంగా 13 కిలోమీటర్లు, చదునైన తారు రోడ్డు, అద్దె సైకిల్. ఆ సైకిళ్లలో చాలావాటికి చేతి బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతాయి. ఒక వీధి చుట్టూ తొక్కి చూసుకున్నాకే రోడ్డెక్కండి. దారిలో వచ్చే కోక్లెస్ బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు బలమైనవి. స్నానానికి ఆ తర్వాత వచ్చే పుంతా ఊవా బీచ్ దాకా ఆగడం మేలు. మన్సనీయో అనేది విషపు పాలు కారే ఒక చెట్టు పేరు కూడా. ఆ చెట్టు కింద వానకి నిలబడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

ఈ దారి మంచిచెడ్డలు వాతావరణం చేతిలో ఉంటాయి. దేశంలో మిగతా చోట్ల కుంభవృష్టి కురిసే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఈ తీరంలో సాధారణంగా ఎండ, సముద్రం ప్రశాంతం. ఆ నెలల్లో వెళితే కవీతాకన్నా ముందు మన్సనీయోకే వెళ్లండి. డిసెంబర్ వానల్లో అయితే ఈ దారి మానేయండి.

ఇక యోర్కిన్ ఊరు. ఇది సముద్రం వైపు కాదు, లోపలికి, బ్రిబ్రి ఆదివాసుల నేలకి. బస్సులో బ్రిబ్రి ఊరు మీదుగా బంబూ చేరాలి, అక్కడి నుంచి మోటారు కట్టిన పొడవాటి పడవలో దాదాపు గంట. ఆ నదికి అవతలి ఒడ్డు పనామా. అక్కడ అతిథులను చూసుకునేది స్టిబ్రావ్‌పా అనే మహిళల సంఘం. బ్రిబ్రిలకు వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. కోకో ఒకప్పుడు స్త్రీ అనీ, సిబో దేవుడు ఆమెను చెట్టుగా మార్చాడనీ వాళ్ల నమ్మకం. అందుకే పూజకు వాడే కోకో పానీయం ఆడవాళ్లే చేస్తారు.

1970ల చివర్లో ఒక బూజు తెగులు వచ్చి ఈ ఊళ్లన్నీ ఉన్న తలమాంకా ప్రాంతమంతటా కోకో తోటలను నాశనం చేసింది. అది తెలిశాక ఆ గింజలు రాతి మీద నూరుతున్నప్పుడు చూస్తే మనసు ఇంకోలా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల కింద కోకో వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ కాయలు కొట్టడం, గింజలు పులియబెట్టడం, ఎండబెట్టడం చూడగానే గుర్తుపడతారు. నాకు మూడింటిలో మనసుకు దగ్గరైంది ఇదే.

అయినా మొదటి ఓటు దీనికి వేయలేదు, ఎందుకంటే తిరుగు దారి మీ చేతిలో ఉండదు. పడవ వాళ్ల వీలును బట్టి, నది వీలును బట్టి నడుస్తుంది. చెప్పకుండా వెళ్లి రేవులో నిలబడటం మర్యాదా కాదు. ముందుగానే సంఘం వాళ్లతో మాట్లాడి, తిరుగు పడవ ఎన్నింటికో, దానికి అందే బస్సు ఏదో అడిగి రాసుకోండి. వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోండి, అప్పుడు ఏ బస్సు కోసమూ పరుగెత్తక్కర్లేదు. ముందు రాత్రి కొండల్లో గట్టిగా వాన కురిస్తే మాత్రం ఆ రోజుకి కవీతా బస్సెక్కండి.