వికీమీడియా ధర్మకర్తల మండలి: పన్నెండేళ్ల వాడుకరి సమీక్ష

తెలుగు వికీపీడియాలో పన్నెండేళ్లుగా రాస్తున్నాను. ఊళ్ల వ్యాసాలు దిద్దుకునేవాళ్లకు, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ధర్మకర్తల మండలితో పని ఏమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. 2015 డిసెంబరు 28న ఆ ఆలోచన మారింది. ఆ ఏడాదే వాడుకరులు ఓట్లేసి పంపిన జేమ్స్ హైల్మన్‌ను మండలి 8-2 ఓట్లతో తొలగించింది. మొదటి ప్రకటనలో కారణం చెప్పలేదు. 2017లో వాడుకరులు ఆయననే మళ్లీ ఎన్నుకున్నారు. అప్పటి నుంచి మండలి తీర్మానాలు, సమావేశాల మినిట్స్ వీలైనంతవరకు చదువుతున్నాను.

మెచ్చుకోవలసినది చాలా ఉంది. పాత తీర్మానాలతో సహా అన్నీ బహిరంగంగా ఉంటాయి. చదవడానికి ఖాతా కూడా అక్కరలేదు. ఇంత పెద్ద సంస్థల్లో ఇది అరుదు. ఎన్నికల పద్ధతీ నాకు నచ్చింది. 2021లో కనీసం 300 మార్పులు, అంతకుముందు ఆర్నెల్లలో 20 మార్పులు చేసినవారికి ఓటు ఇచ్చారు. అభ్యర్థులను మన ఇష్టం ప్రకారం వరుసలో పెట్టాలి. ఇంగ్లీషు వికీలో రాసేవారి ఓటుకు ఎంత విలువో, తెలుగులో రాసే నా ఓటుకూ అంతే.

లోపం వేరేచోట ఉంది. మినిట్స్ చదివితే ఏం నిర్ణయించారో తెలుస్తుంది, ఎందుకు వాదించుకున్నారో తెలియదు. అదీ ఇంగ్లీషులోనే. ఇంగ్లీషు రాని తెలుగు వాడుకరికి ఆ తలుపు తెరిచినా మూసినా ఒకటే.

2024 నాటి ఉద్యమ నియమావళి (వికీమీడియాలో ఎవరి అధికారాలు, బాధ్యతలు ఏమిటో చెప్పే పత్రం) సంగతి నన్ను ఇంకా బాధిస్తుంది. ఏళ్ల తరబడి ముసాయిదాలు రాశారు, చర్చించారు. ఓటేసిన వాడుకరుల్లో సుమారు 73 శాతం మంది అవునన్నారు. మండలి ఆమోదించలేదు. కారణాలు రాతపూర్వకంగానే చెప్పింది, కొన్ని సబబైనవే. కానీ ఓటింగు ముంగిట చెప్పినంత సూటిగా తొలి ముసాయిదా నాడే చెప్పవలసింది. జీతం లేకుండా రాసేవారు పెట్టిన సమయం అది.

తెలుగు వికీపీడియా చర్చల పేజీ అయిన మా రచ్చబండలో ఎవరు ఏ ప్రతిపాదన పెట్టినా అభ్యంతరాలు దాని కిందే వస్తాయి, నిర్ణయానికి ముందే. నెమ్మదిగా సాగుతుంది, ఒక్కోసారి విసుగు పుడుతుంది. అయినా ఓడిపోయిన వాడుకరి తన మాట ఎక్కడ ఆగిందో చూసుకోగలడు. వచ్చే ఎన్నికల్లో ప్రతి అభ్యర్థినీ ఒకటే అడుగుతాను: తీర్మానం ముసాయిదాను ఓటుకు ఎన్ని రోజుల ముందు మా ముందు పెడతారు?